మిషన్‌లో చిన్న అద్భుతాలు: చూసే పద్ధతి, రాసుకునే పద్ధతి

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో మిషన్ కాల్, అంటే మిషనరీ సేవకు పిలుపు, రాగానే అందరూ అడిగేది సూట్‌కేసు గురించే. ఎన్ని చొక్కాలు, ఏ బూట్లు, ఎంత బరువు? ఆ జాబితా మీ మిషన్‌కు తగ్గట్టు సంఘం వాళ్ళే పంపిస్తారు, దాన్ని చూసి సర్దుకుంటే సరిపోతుంది. నేను చెప్పబోయేది వేరే. మిషన్‌లో రోజు ఎలా గడుస్తుంది, ఆ రోజులో దేవుడి చెయ్యి ఉందనిపించే చిన్న చిన్న సంగతులు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవాటిని పోగొట్టుకోకుండా ఎలా దాచుకోవాలి అన్నది. నేను సిస్టర్ మిషనరీగా సేవ చేసి వచ్చాను. ఎల్డర్లకు, అంటే మగ మిషనరీలకు, సేవ 24 నెలలు, సిస్టర్లకు 18 నెలలు. కాలం వేరైనా రోజు మాత్రం ఇద్దరికీ ఒకేలా ఉంటుంది కాబట్టి ఇది ఇద్దరికీ పనికొస్తుంది.

ముందే ఒక మాట. మిషన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఆదివారం సంస్కార సభలో నిలబడి చెప్పే కథలు వింటే అక్కడ రోజూ ఏదో ఒక మహత్తు జరుగుతుందనిపిస్తుంది. అలా ఏం ఉండదు. ఎక్కువ రోజులు నడక, ఎండ, మూసిన తలుపులు, రద్దయిన అపాయింట్‌మెంట్లు. అద్భుతాలు లేవని కాదు, ఉంటాయి. కానీ అవి ఆ రాత్రే రాసుకోకపోతే వారం తిరిగేసరికి మర్చిపోయేంత చిన్నవి. చిన్నవీ సామాన్యమైనవీ అయిన వాటి వల్లే గొప్పవి జరుగుతాయని బైబిల్‌తోపాటు మనం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథంలో ఆల్మా 37వ అధ్యాయం 6వ వచనం చెబుతుంది. ఆ వచనం నోటికి రాని మిషనరీ ఉండరు. వీధిలో నడుస్తున్నప్పుడు గుర్తుకు తెచ్చుకునేవాళ్ళే తక్కువ.

పొద్దున

రోజు 6:30కి మొదలవుతుంది, రాత్రి 10:30కి లైట్లు ఆర్పేయాలి. 2017 నుంచి వేళల్లో కొంత వెసులుబాటు ఇచ్చారు, ప్రాంతాన్ని బట్టి ఆ మిషన్‌ను నడిపే మిషన్ ప్రెసిడెంట్ సర్దుతారు. మొదటి రెండు వారాలు ఆ అలారం మీద పగ పుడుతుంది. ఫోన్‌ను మంచానికి దూరంగా, లేచి నడిస్తే తప్ప అందనంత దూరంలో పెట్టండి. లేచీ లేవగానే మోకాళ్ళ మీద ప్రార్థనకు కూర్చుంటే అక్కడే నిద్రపోతారు. నవ్వకండి, అందరికీ జరిగేదే. ముందు మొహం కడుక్కోండి, ప్రార్థన తర్వాత.

ప్రార్థన సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. ‘ఈరోజు మమ్మల్ని దీవించు తండ్రీ’ అని మొత్తంగా అడిగితే జవాబు వచ్చిందో లేదో రాత్రికి మీకే తెలియదు. పేరు పెట్టి అడగండి. పరీక్ష టెన్షన్‌లో ఉన్న ఫలానా అమ్మాయికి ఈరోజు ధైర్యం ఇవ్వమనో, మంగళవారం నుంచి ఫోన్ ఎత్తని ఫలానా ఆయన బాగున్నాడో లేదో తెలిసేలా చేయమనో అడగండి. అడిగింది జరిగితే గుర్తుపడతారు. జరగకపోతే అది కూడా గుర్తుపడతారు. రెండూ కావాలి.

లేఖనాలు ఒంటరిగా చదువుకునే గంటకూ ఇదే పద్ధతి. అధ్యాయం పూర్తి చేయాలని చదవొద్దు, మనిషి కోసం చదవండి. ఆరోజు కలవబోయే ఒకరి పేరు కాగితం మీద పైన రాసుకుని, ఈ మనిషికి ఇందులో ఏం పనికొస్తుంది అని వెతుకుతూ పేజీలు తిప్పండి. చదువు చప్పగా ఉందని ఫిర్యాదు చేసే కొత్తవాళ్ళకు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే, ఎప్పుడూ వృథా పోలేదు.

రెండో ప్లాన్

రాత్రి ప్లానింగ్‌లో ప్రతి అపాయింట్‌మెంట్ పక్కన ‘వాళ్ళు లేకపోతే?’ అన్న ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలి. ఇది మిషన్ మొత్తానికీ చాలా ముఖ్యమైన అలవాటు. జనం తలుపు తీయరు, ఊరెళ్తారు, మర్చిపోతారు, కొన్నిసార్లు లోపలే ఉండి లేనట్టు కూర్చుంటారు. అప్పుడు మీరూ, మీకు జంటగా ఉండే మిషనరీ అంటే కంపానియనూ రోడ్డు మీద నిలబడి ‘ఇప్పుడేం చేద్దాం’ అని మొహాలు చూసుకుంటే అరగంట పోతుంది, దాంతోపాటు ఉత్సాహమూ పోతుంది. అదే దగ్గర్లో ఒక వీధి పేరో, చాన్నాళ్ళుగా సంఘానికి రాని ఒక కుటుంబమో రాసి ఉంటే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. నా నోట్‌బుక్‌లో ఉన్న మంచి సంగతుల్లో చాలావరకు ఈ రెండో ప్లాన్‌లో జరిగినవే.

ఒక సాయంత్రం పాఠం చెప్పాల్సిన ఇంటికి తాళం వేసి ఉంది. రెండో ప్లాన్‌లో రాసుకున్న వీధికి వెళ్ళాం. మొదటి తలుపు తట్టగానే ‘ఆగండాగండి, తట్టకండి!’ అని లోపలి నుంచి అరుపు. పై మడతబందు ఊడి తలుపు పక్కకు వాలిపోయి ఉంది. దాన్ని ఒక పెద్దావిడ భుజంతో ఆపుకుంటూ, రెండో చేత్తో స్క్రూ కోసం కిటికీ గట్టు మీద తడుముకుంటోంది. నా కంపానియన్ బ్యాగు కింద పడేసి తలుపు పట్టుకుంది. నేను నేల మీద స్క్రూలు ఏరాను. ఒకటి చెప్పుల స్టాండు కిందికి దొర్లిపోయింది. స్కర్టుతోనే బోర్లా పడుకుని, ఆవిడ ఇచ్చిన స్కేలుతో దాన్ని బయటికి లాగాను. దానికి అంటుకున్న దుమ్మును ఆవిడ చీర కొంగుతో తుడిచి, వెలుతురులో మర వైపు చూసి, ‘బాగానే ఉంది’ అని చేతికిచ్చింది. బిగించాక తలుపు రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. ‘మీరెవరో తెలీదమ్మా. మీ మతం నాకు అక్కర్లేదు. నిన్నటి నుంచి ఈ తలుపు మూయలేక రాత్రంతా కుర్చీలో కూర్చున్నాను’ అంది.

ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు. పాఠాలు కూడా వినలేదు. నేను ఆ రాత్రి రాసుకున్నది ఆ తలుపు సంగతే. దీన్ని అద్భుతం అంటారా అని అడిగితే, ఆవిడ కుర్చీలో కూర్చున్న రెండో సాయంత్రం ఇద్దరు మనుషులు సరిగ్గా ఆ తలుపే తట్టడం నాకు చాలు అంటాను. మీకు చాలకపోవచ్చు. అప్పుడు మీకు చాలినది మీరు రాసుకోండి.

ఫలితం మన కంటికి కనబడాలని పట్టుబట్టేవాళ్ళకు శామ్యూల్ స్మిత్ సంగతి చెప్పాలి. సంఘం 1830 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏర్పడింది. సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ తమ్ముడు శామ్యూల్ ఆ ఏడాదే సంచిలో మోర్మన్ గ్రంథం ప్రతులు పెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. మొట్టమొదటి మిషనరీగా ఆయన్నే చెప్పుకుంటాం. ఎక్కడా ఎవరూ సరిగ్గా వినలేదు, ప్రయాణం వృథా అయిందనుకున్నాడు. కానీ ఆయన చేతి నుంచి వెళ్ళిన ప్రతులు ఫినియస్ యంగ్ అనే ఆయనకూ, ఆయన అక్క రోడా ఇంటికీ చేరాయి. వాళ్ళ సోదరుడు బ్రిగమ్ యంగ్ 1832లో బాప్తిస్మం తీసుకున్నాడు, తర్వాత సంఘానికి రెండో ప్రెసిడెంట్ అయ్యాడు. పుస్తకం ఇచ్చి వెనుదిరిగిన రోజున శామ్యూల్ డైరీలో రాసుకోవడానికి ఏముంటుంది చెప్పండి? ‘ఒక ప్రతి ఇచ్చాను’ అని తప్ప!

కంపానియన్

మిషన్‌లో అన్నిటికంటే కష్టమైన పని వీధిలో కాదు, గదిలో ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషితో ఒక్కసారిగా కాపురం పెట్టినట్టు ఉంటుంది. బాత్రూమ్‌కు తప్ప ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలోనే ఉండాలన్నది నియమం. సుమారు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ వార్త వస్తుంది. ఉండవచ్చు, వెళ్ళవచ్చు, కంపానియన్ మారవచ్చు. ‘ఆరు వారాలే కదా, ఓర్చుకుందాం’ అని పళ్ళు బిగబట్టి గడిపేవాళ్ళను చూశాను. అలా గడిపితే నోట్‌బుక్ ఖాళీగా ఉంటుంది. ఎందుకంటే రోజంతా మీకు అతి దగ్గరగా ఉన్న మనిషినే మీరు చూడటం మానేశారు.

చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి రోజే మూడు విషయాలు మాట్లాడేసుకోండి: నిద్ర, శుభ్రత, నిశ్శబ్దం. ఎవరికి ఎంత కావాలో బయటపెట్టాలి. కోపం వచ్చినప్పుడు మీరు ఎలా ఉంటారో కూడా ముందే చెప్పండి. ‘నాకు కోపమొస్తే మాట్లాడను, ఒక గంట వదిలేయండి, నేనే వస్తాను’ అని చెప్పిన కంపానియన్‌తో నాకు ఒక్క గొడవా జరగలేదు. వారానికోసారి ప్లానింగ్ చివర ఇద్దరూ కూర్చుని లోటుపాట్లు మాట్లాడుకునే సమయం ఉంటుంది. దాన్ని దాటవేయొద్దు. కానీ ఫిర్యాదుల జాబితాతో మాత్రం కూర్చోకండి. మొదట ఎదుటివాళ్ళు ఆ వారం చేసిన ఒక మంచి పని చెప్పండి. అదీ ‘నువ్వు చాలా మంచిదానివి’ అని గాలిలో కాదు, ‘గురువారం నాకు జ్వరమొస్తే నువ్వు నా బట్టలు కూడా ఉతికావు’ అని పని పేరుతో. ఆ తర్వాత ఏం చెప్పినా వింటారు.

నా కంపానియన్లలో ఒకామె అసలు నోరు విప్పేది కాదు. పాఠం చెప్పేటప్పుడు ఒక వచనం చదివి ఆగిపోయేది, మిగతాదంతా నేనే వాగేదాన్ని. ఒకరోజు ఒక గృహిణికి రక్షణ ప్రణాళిక పాఠం, అంటే పుట్టుకకు ముందు నుంచి చావు తర్వాత దాకా దేవుడి ఏర్పాటు గురించిన పాఠం, చెబుతున్నాం. ఆవిడ మా మాటలు వింటూనే ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చనిపోయిన పిల్లలు ఏమవుతారు అని తల ఎత్తకుండా అడిగింది. నేను జవాబు మొదలుపెట్టబోయాను. నా పక్కనున్నామె నా మోచేతి మీద చెయ్యి వేసి, ‘మా తమ్ముడు నాలుగేళ్ళప్పుడు పోయాడండీ’ అని తనే మొదలెట్టింది. ఎక్కువ చెప్పలేదు. తమ్ముడి పేరు చెప్పింది, తనను మళ్ళీ చూస్తానని నమ్ముతున్నానంది, అంతే. ఆ గృహిణి చేతిలో ఒక చిన్న మేజోడు ఉంది. దాని జత కోసం గుట్టలో వెతుకుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత చాలాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడలేదు. అంతకు ముందు అన్ని వారాలు కలిసి తిరిగినా ఆ తమ్ముడి సంగతి నాకు తెలియదు.

అందుకే కంపానియన్ నిశ్శబ్దంగా ఉంటే ఆ ఖాళీని మీ మాటలతో నింపేయకండి. పాఠంలో కొంత భాగం వాళ్ళదే అని ముందే పంచుకోండి, వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఎంతసేపైనా ఆగండి.

ఇంటివాళ్ళతో

తలుపు తీసిన మొదటి అర నిమిషంలో పేరు, సంఘం పేరు, ఎందుకొచ్చారో చెప్పేయండి. చుట్టూ తిప్పి మాట్లాడితే ఏదో అమ్మడానికి వచ్చారనుకుంటారు. ‘మీరు మోర్మన్లా?’ అంటే అవునని చెప్పి, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని పూర్తి పేరు ఒకసారి చెప్పి ముందుకెళ్ళండి. వద్దంటే వద్దే. రెండోసారి అడగడం మర్యాద కాదు. వద్దన్నవాళ్ళ ఇల్లు మిషనరీల యాప్‌లో నమోదు చేస్తే మీ తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ అదే తలుపు తట్టి విసిగించరు. మీ కంటే ముందువాళ్ళు ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేదో ఒక్కసారి తిట్లు తిన్నాక మీకే అర్థమవుతుంది.

టీ, కాఫీ ఇస్తామంటారు. 1833 నాటి జ్ఞాన వాక్యము, అంటే మన సంఘపు ఆరోగ్య నియమం, ప్రకారం మనం తాగం. అక్కడే కూర్చుని కారణాలన్నీ వివరిస్తే పాపం, ఇచ్చినవాళ్ళు ఇబ్బంది పడతారు. ‘మంచినీళ్ళు ఇవ్వండి చాలు’ అని మీరే ముందు అడిగేస్తే వాళ్ళకు ఏదో ఒకటి ఇచ్చిన తృప్తి ఉంటుంది. సిస్టర్లు మగవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లోకి, ఎల్డర్లు ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లోకి వెళ్ళకూడదు. గుమ్మం దగ్గరే మాట్లాడి, వేరే సమయం పెట్టుకోండి. పిల్లలకు పాఠం చెప్పాలంటే తల్లిదండ్రుల అనుమతి ముందు. ఇందులో సర్దుబాటు లేదు.

నోట్‌బుక్

ఫోన్‌లో కాకుండా కాగితం మీదే రాయమంటాను. రాత్రి ఫోన్ చేతిలోకి తీసుకుంటే మెసేజ్‌లు కనబడతాయి, పని మొదలవుతుంది, రాయడం ఎగిరిపోతుంది. చిన్న నోట్‌బుక్, జేబులో పట్టేది చాలు.

రోజుకు మూడు వాక్యాలు. మొదటిది ఎక్కడ, ఎన్ని గంటలకు. రెండోది ఎవరు ఏం చేశారు. మూడోది ఎవరైనా అన్న ఒక మాట, వాళ్ళు అన్నది అన్నట్టుగా. ‘ఎంతో అద్భుతంగా’, ‘హృదయం ఉప్పొంగింది’ లాంటివి రాయకండి. ఏడాది తర్వాత చదివితే అన్ని రోజులూ ఒకేలా ఉప్పొంగి ఉంటాయి, ఏది ఏ రోజో తెలియదు. ‘చెప్పుల స్టాండు కింద స్క్రూ’ అని ఉంటే మాత్రం ఆ ఇల్లు, ఆ వెలుతురు, ఆవిడ గొంతు మొత్తం తిరిగొస్తాయి. పూర్తి పేర్లు రాయొద్దు, నోట్‌బుక్ ఎప్పుడైనా పోవచ్చు. నేను ‘మడతబందు అమ్మ’ అని రాసుకున్నాను.

ఏది రాయాలి, ఏది వద్దు? బస్సు వెంటనే దొరకడం, వాన సరిగ్గా మనం లోపలికి వెళ్ళాక మొదలవడం నేను రాయలేదు. దేవుడు బస్సులు పంపడని కాదు. అవి రాయడం మొదలుపెడితే నోట్‌బుక్ మన సౌకర్యాల చిట్టా అయిపోతుంది. ఎవరో ఒకరి మనసు తేలికపడిన సంగతి, మనం అడగని సాయం అందిన సంగతి, మన ప్లాన్ చెడిపోవడం వల్లే జరిగిన మంచి ఇవి రాశాను. 2005 ఏప్రిల్‌లో సంఘం మొత్తానికీ జరిగిన మహాసభలో అపొస్తలుడు ఎల్డర్ డేవిడ్ ఎ. బెడ్నార్ ప్రభువు చూపే మృదువైన కనికరాల గురించి మాట్లాడారు. అవి ఏదో యాదృచ్ఛికంగా వచ్చిపడేవి కావన్నది ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైన మాట. నాకు ఆ ప్రసంగం ఇష్టం. అయినా నోట్‌బుక్‌లో ‘ఇది యాదృచ్ఛికం కాదు’ అని నేను ఎప్పుడూ రాయలేదు. జరిగింది రాస్తే చాలు, తీర్పు తర్వాత ఇచ్చుకోవచ్చు.

ప్రార్థనలో అడిగింది జరగని రోజులూ రాయండి. అవి లేకపోతే ఆ పుస్తకాన్ని పదేళ్ళ తర్వాత మీరే నమ్మరు.

ఇంటికి

2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారం వారం ప్రిపరేషన్ డే, అంటే సొంత పనులకు ఇచ్చే రోజున ఇంటికి ఫోన్, వీడియో కాల్ చేయవచ్చు. అంతకు ముందు మాట్లాడుకోవడం క్రిస్మస్‌కు, మదర్స్ డేకు మాత్రమే, మిగతాదంతా ఉత్తరాలూ ఈమెయిళ్ళే. ఇది గొప్ప వరం, కానీ వాడుకోవడం తెలియాలి. కాల్‌లో అద్భుతాలే చెబితే అమ్మ అనుమానిస్తుంది, ఏదో దాస్తున్నారని. కష్టాలే చెబితే ఆ రాత్రి ఆవిడకు నిద్ర ఉండదు, మీరు మాత్రం కాల్ పెట్టేసి బాస్కెట్‌బాల్ ఆడుకుంటారు. ఒక మంచి సంగతి, ఒక కష్టం, ఒక నవ్వొచ్చేది, ఈ మూడూ ముందే కాగితం మీద రాసుకుని మాట్లాడండి. తర్వాత వాళ్ళ సంగతులు అడగండి. నిజంగా అడగండి. మీరు లేని ఇంట్లో కూడా ఏవో మంచి సంగతులు జరుగుతూనే ఉంటాయి, అవి వినడమూ మీ పనే.

అందరికీ పంపే ఈమెయిల్‌లో ఇతరుల కథలు రాసేటప్పుడు వాళ్ళను అడగండి. ఒకరి తాగుడు, ఒకరి విడాకులు, ఒకరి చనిపోయిన బిడ్డ మీ ఉత్తరానికి అలంకారం కావు. మేజోడు సంగతి ఇక్కడ రాయడానికి కూడా నేను మా కంపానియన్‌ను అడిగాను. తమ్ముడి పేరు వద్దంది.

ఏమీ లేని వారాలు

వస్తాయి. ఎవరూ వినరు, ఒకరి మీద ఒకరికి చిరాకు, ఒంట్లో బాగుండదు, ఇంటి మీద గాలి మళ్ళుతుంది. ఇంటి ధ్యాసలో పడినవాళ్ళను మిషనరీల భాషలో ‘ట్రంకీ’ అంటారు, పెట్టె సర్దేసుకుని కూర్చున్నారని. అలాంటప్పుడు పెద్ద తీర్మానాలేమీ వద్దు. ఆరోజు ఎవరికైనా ఒక్క పని చేసిపెట్టండి. గిన్నెలు కడగండి, సంఘంలో కుర్చీలు సర్దండి. అదీ చేతకాకపోతే పడుకోండి.

కానీ ఇంటి మీద బెంగ వేరు, జబ్బు వేరు. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, పొద్దున్నే లేవగానే ఏడుపొస్తున్నా అది విశ్వాసం తక్కువై కాదు. మిషన్ ప్రెసిడెంట్‌కు వారం వారం రాసే ఉత్తరంలో ‘అంతా బాగుంది’ అని రాయకండి, ఉన్నది రాయండి. డాక్టర్‌ను, కౌన్సెలర్‌ను చూపించే ఏర్పాటు ఉంటుంది. కొందరు ముందే ఇంటికి వస్తారు, కొందరు ఇంటి దగ్గరే ఉండి సర్వీస్ మిషన్ చేస్తారు. వాళ్ళను మన సంఘంలో కొందరు చూసే చూపు నాకు నచ్చదు. నోట్‌బుక్ వాళ్ళ దగ్గరా ఉంటుంది, అందులోనూ పేజీలు నిండే ఉంటాయి.

ప్రిపరేషన్ డే గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బట్టలు పొద్దున్నే ఉతికేయండి, మధ్యాహ్నానికి వదిలేస్తే ఆరవు. జుట్టు కత్తిరించుకోండి, బూట్లకు పాలిష్ పెట్టండి, తప్పక ఒక గంట పడుకోండి. ఆ వారం రాసిన పేజీలు ఒకసారి తిరగేసి, కాల్‌లో చెప్పాల్సిన సంగతికి పక్కన గుర్తు పెట్టుకోండి.

ఇక కొనాల్సినవి. ఒకే కొలత నోట్‌బుక్‌లు నాలుగు తీసుకోండి, దొరికినప్పుడే, తర్వాత అదే కొలత దొరకదు. జెల్ పెన్ను వద్దు, తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. బాల్‌పెన్ను తీసుకోండి. నోట్‌బుక్‌ను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బ్యాగు లోపలి అరలో ఉంచండి, నీళ్ళ సీసా ఉన్న అరలో మాత్రం పెట్టకండి. నిండిన నోట్‌బుక్‌ను ట్రాన్స్‌ఫర్‌ల వెంట తిప్పకుండా ఫోటోలు తీసి ఒక కాపీ ఇంటికి పంపండి. మొదటి పేజీలో మీ పేరు, మిషన్ ఆఫీసు చిరునామా రాయండి. పోగొట్టుకుంటే దొరికినవాళ్ళు ఎక్కడికి తెచ్చివ్వాలో తెలియాలి కదా.